నార్వేకు 1905, మనకు 1953

ప్రతి జాతి చరిత్రమందును ఒకానొక సంవత్సరము తక్కినవానికంటె ఎత్తుగ నిలిచియుండును. నార్వే దేశీయులను అడిగినచో వారు 1905 అందురు. ఆంధ్రులను అడిగినచో 1953 అనవలసియున్నది. రెండును వేర్పాటు సంవత్సరములే. నార్వే స్వీడనుతోడి రాజ్యబంధమును త్రెంచుకొని వేరు కాపురము పెట్టెను. ఆంధ్రము చెన్నరాష్ట్రమునుండి విడివడి కర్నూలున గుడారములలో తన పరిపాలనమును ఆరంభించెను. మొదటిది రాజ్యముల విషయము, రెండవది ఒకే దేశములోని రాష్ట్రముల విషయము. ఈ భేదమును మేము మరువలేదు. ఐనను ఉమ్మడి కుటుంబము విడిపోవునప్పుడు పుట్టు ప్రశ్నలు రెండుచోట్లను ఒక్కటియే. హద్దు ఎక్కడ? నీరు ఎవరిది? హద్దుమీద నివసించువారి గతి యేమి? ఇచ్చిన మాట తప్పినచో ఎవరితో చెప్పుకొనవలెను? ఈ కడపటి ప్రశ్నకు నార్వే ఆ సంవత్సరముననే సమాధానము వ్రాసికొనెను. మనము సగము వ్రాసి సగము విడిచితిమి. విడిచిన సగమునకు రాయలసీమ మూల్యము చెల్లించినది.

ముందుగా నార్వే సంగతి. 1814లో ఐరోపా యుద్ధముల తుదిని నార్వే డెన్మార్కు చేతినుండి స్వీడను రాజు క్రిందికి వచ్చెను. ఆ యేడే నార్వే ప్రతినిధులు తమ దేశమునకొక రాజ్యాంగమును వ్రాసికొనిరి. కనుక రాజు ఒక్కడే యైనను శాసనసభలు రెండు, మంత్రివర్గములు రెండు నుండెను. పరదేశములతోడి వ్యవహారము మాత్రము స్వీడను చేతిలో మిగిలెను. నార్వే ఓడల దేశము. దాని నావికులు, వర్తకులు లోకమందలి రేవులన్నిట తిరుగుచుండిరి. ఆ రేవులలో తమ పక్షమున నిలుచుటకు తమ కాన్సలులే యుండవలెనని వారు కోరిరి. 1905లో నార్వే సభ అట్టి శాసనమును చేయగా రెండవ ఆస్కరు రాజు మే 27న దానికి సమ్మతి నిరాకరించెను. మంత్రులు రాజీనామా లిచ్చిరి. వారి స్థానమున మరియొక మంత్రివర్గమును కూర్చుట రాజునకు సాధ్యపడలేదు.

అప్పుడు నార్వే మంత్రిముఖ్యుడు క్రిస్టియన్ మికెల్సన్. ఆయన న్యాయవాది, ఓడల యజమాని. జూన్ 7న సభచే చేయించిన తీర్మానము న్యాయవాది చేతివ్రాతయే. రాజు మంత్రివర్గము నేర్పరుపజాలకపోయెను గనుక రాజత్వము నడచుట మానెను, రాజు ఒక్కడే యగుటచే నిలిచిన బంధము దానితోడనే తెగెను అని దాని తాత్పర్యము. ఒక రాజ్యపు వేర్పాటును ఒక ఉపవాక్యములో ఇమిడ్చి సభవారు ఇండ్లకు పోయిరి. స్వీడను మాత్రము ప్రజల అభిప్రాయమును తెలిసికొనక ఒప్పుకొనజాలనని పట్టుపట్టనుండెను. దానిని ముందే ఊహించి నార్వే ఆగస్టు 13న ప్రజలను అడిగెను. వేర్పాటునకు అనుకూలముగ 3,68,208 వోట్లు వచ్చెను. ప్రతికూలముగ వచ్చినవి 184. నాడు స్త్రీలకు ఆ వోటు లేదు. ఐనను వారు ఊరూర తిరిగి రెండు లక్షలకు మించిన సంతకములు కూర్చి సభకు సమర్పించిరి. 1913లో వారికందరకును వోటు లభించెను.

ఇంతవరకు విన్నవాడు అది జయోత్సవమని తలచును. ఆ సంవత్సరపు అసలు పరీక్ష తరువాత వచ్చెను. హద్దునకు ఇరుప్రక్కల సైన్యములు చేరెను. తుపాకి పేలకుండుటకు ఉభయ పక్షముల వారును స్వీడనులోని కార్ల్‌స్టాడ్ పట్టణమున ఆగస్టు కడపట కూర్చుండి సెప్టెంబరు 23 వరకు మాటలాడిరి. అచ్చట కుదిరిన ఒప్పందములు అయిదు. ఇకముందు పుట్టు తగవులను హేగు నగరమందలి మధ్యవర్తుల న్యాయసభకు నివేదించుట ఒకటి. హద్దు వెంబడి సైన్యములేని పట్టి నొకదానిని విడిచి అందలి కోటలను తొలగించుట రెండవది. ఒకరి నేలమీదుగ మరియొకరి సరకు పోవుటకు అడ్డుచెప్పకుండుట మూడవది. ఉమ్మడి చెరువులను ఏరులను ఒకరు మరియొకరికి నష్టము కలుగునట్లు మార్పకుండుట నాలుగవది. ఉత్తరమున సామీ జాతివారు రెయిన్‌డీరు జింకల మందలను హద్దు దాటించి మేపుకొనుటకు వీలు కల్పించుట అయిదవది. తాను క్రొత్తగ కట్టుకొన్న కోటలను తానే కూల్చుకొనుట నార్వే అభిమానమునకు చేదుమందయ్యెను. ఐనను మ్రింగెను. అక్టోబరు 26న ఆస్కరు రాజు నార్వే సింహాసనమును విడిచెను. నవంబరులో మరల ప్రజలను అడిగి డెన్మార్కు రాజకుమారునొకని తమ రాజుగ ఎన్నుకొనిరి. నవంబరు 25న ఆయన ఏడవ హాకన్ అను పేరుతో రాజధానిలో కాలుపెట్టెను.

ఆ ఒప్పందములు బీరువాలో దాచు కాగితములు కావని నాలుగేండ్లకే తేలెను. సముద్రమున పెద్దరొయ్యలు దొరకు గ్రిస్‌బడార్న యను మిట్టకై ఇరుదేశముల బెస్తలు తగవుపడిరి. తగవు హేగుకు పోయెను. 1909 అక్టోబరు 23న తీర్పు స్వీడనుకు అనుకూలముగ వచ్చెను. నార్వే శిరసా వహించెను. ఓడిపోయినవాడు కూడ తలయొగ్గు తీర్పుచోటు ఒకటి యుండినచో విడిపోయిన అన్నదమ్ములు మరల ఒకరి గడప ఒకరు త్రొక్కగలుగుదురు.

ఇంత దూరపు దేశము కథ అమరాపురమున చదువువారికి ఎందుకని కొందరు అడుగవచ్చును. హద్దు అనగా నేమో మనకు తెలిసినంతగ కోస్తావారికి తెలియదు గనుకనే చెప్పుచున్నాము. మన మడకశిర ప్రాంతమునకు మూడుప్రక్కల కర్ణాటకమే. అటు పావగడ తాలూకాకు ఇంచుమించు అట్లే మూడుప్రక్కల ఆంధ్రము. ఇచ్చట కన్నడము ఇంటిభాషగ గలవారు వేలకొలది. అచ్చట తెలుగు ఇంటిభాషగ గలవారును అట్లే. హేమావతిలో నొళంబ పల్లవులు రాజ్యమేలిన నాడు ఈ హద్దు లేదు. వారి శాసనములు నేటికిని కన్నడమున పలుకుచు మన నేలమీదనే నిలిచియున్నవి. 1800లో నైజాము ఈ సీమను కుంఫిణీకి ధారపోసినప్పుడు చెన్నరాజధానికిని మైసూరుకును నడుమ గీచిన గీతయే మన యూరిప్రక్క హద్దు. 1953లో అదియే ఆంధ్రమునకును మైసూరునకును హద్దయ్యెను.

మన సంవత్సరము 1952 డిసెంబరు 15 రాత్రియే ఆరంభమైనదని చెప్పుట న్యాయము. చెన్నపట్టణమున బులుసు సాంబమూర్తి గారి ఇంట పొట్టి శ్రీరాములు 58 దినములు నిరశనవ్రతము సలిపి ఆ రాత్రి ప్రాణము విడిచెను. ఆంధ్రదేశమెల్ల అట్టుడికెను. కాల్పులలో మరికొందరు మరణించిరి. డిసెంబరు 19న ప్రధానమంత్రి నెహ్రూ ఆంధ్రరాష్ట్ర మేర్పడునని ప్రకటించెను. న్యాయమూర్తి వాంఛూ వివరములు విచారించి నివేదిక నిచ్చెను. చెన్నపట్టణము మనకు రాలేదు. బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరెను. తగవు మిగిలిన బళ్లారి తాలూకాపై హైదరాబాదు ప్రధాన న్యాయమూర్తి మిశ్రా విచారణ జరిపిన పిదప అది మైసూరునకు పోయెను. 1953 అక్టోబరు 1న నెహ్రూ కర్నూలున క్రొత్త రాష్ట్రమును ప్రారంభించెను. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశము. ఆయనయు మికెల్సను వలె న్యాయవాదియే. ఉపముఖ్యమంత్రి మన జిల్లావాడగు నీలం సంజీవరెడ్డి.

నార్వే వోటుచే పొందినదానిని మనము ఒక మహనీయుని ప్రాణముచే పొందితిమి. ఇది మన ప్రజలు వోటునకు తగనివారగుటచే కాదు. 1913లో బాపట్లలో తొలి ఆంధ్రమహాసభ కూడినది మొదలు 40 సంవత్సరములు మనవారు తీర్మానములు చేసిరి, వినతులు పంపిరి. 1920లో నాగపురమున కాంగ్రెసు భాషారాష్ట్రముల సూత్రము నంగీకరించెను. 1949లో కాంగ్రెసు నాయకుల సంఘమే చెన్నపట్టణము విడిచినచో ఆంధ్రము ఏర్పడవచ్చునని పలికెను. అందరును ఒప్పుకొన్నారు. ఒప్పుకొన్నదానిని ఫలానా దినములోగ జరిపింపుడని అడుగుటకు మాత్రము స్థానము లేకపోయెను. అడుగుటకు స్థానము లేనిచోట ప్రాణము పణమగును. శ్రీరాములు గారి మరణమునుండి మనము నేర్చుకొనవలసిన పాఠము ఇది. మనము విగ్రహములు నిలిపితిమి గాని పాఠము నేర్చుకొంటిమా యని మాకు సందేహము.

సందేహమునకు కారణము శ్రీబాగు ఒడంబడిక. ఆంధ్రరాష్ట్ర మేర్పడినచో విద్యయు, ధనమును, నీరును గల కోస్తావారు తమను మ్రింగుదురని రాయలసీమ శంకించెను. ఆ శంకను తీర్చుటకు 1937 నవంబరు 16న చెన్నపట్టణమున కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగు భవనమున ఉభయ ప్రాంతముల పెద్దలు కూర్చుండి ఒడంబడిక వ్రాసిరి. మన హిందూపురము తాలూకా కల్లూరువాడగు కల్లూరు సుబ్బారావు గారును, అనంతపురము పప్పూరు రామాచార్యులు గారును మన పక్షమున నుండిరి. విశ్వవిద్యాలయమునకు అనంతపురమున ఒక కేంద్రము, పదేండ్లపాటో అంతకు మించియో తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి పథకములలో రాయలసీమకును నెల్లూరునకును ముందుచూపు, శాసనసభలో జిల్లాల సమత్వము, రాజధాని హైకోర్టులలో ఒకదానిని కోరుకొను స్వేచ్ఛ రాయలసీమకు. ఇవి దాని ముఖ్యాంశములు.

ఆ పెద్దల చిత్తశుద్ధిని మేము శంకింపము. కాని వృత్తిచే న్యాయవాదులమగుటచే ఆ పత్రమును చదివినప్పుడెల్ల మాకొక లోపము కంటబడును. హక్కు వ్రాసిరి. హక్కు భంగమైనప్పుడు పోవలసిన చోటు వ్రాయలేదు. గడువు తప్పినచో ఏమి జరుగునో వ్రాయలేదు. ఆ పత్రము ఏ శాసనమున చేరినది కాదు. 1953లో పార్లమెంటు ఆంధ్రరాష్ట్ర శాసనమును చేయునప్పుడు దానిని అందు చేర్చుటకు తగిన ఘడియ వచ్చెను. ఆ ఘడియ జారిపోయెను. రాజధాని కర్నూలు వచ్చినమాట నిజము. శ్రీబాగు మర్యాద ప్రకారమే హైకోర్టు 1954లో గుంటూరున వెలసెను. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడగనే రాజధానియు హైకోర్టును రెండును హైదరాబాదునకు తరలెను. మూడేండ్ల ముచ్చట ముగిసెను. దానిని గూర్చి ప్రశ్నించుటకు రాయలసీమవాని చేత ఒక్క చట్టపు సెక్షను లేకపోయెను. అనంతపురమునకు తనదైన విశ్వవిద్యాలయము 1981లో వచ్చెను. ఒడంబడికకును దానికిని నడుమ 44 సంవత్సరములు. ఒడంబడిక నాడు బడిలో చేరిన బాలుడు అప్పటికి మనుమల నెత్తుకొను ఈడు వాడయ్యెను.

ఇదే 1953లో మరియొక పని చక్కగ జరిగెను. దానిని చెప్పకుండుట అన్యాయమగును. ఆ యేడే తుంగభద్ర ఆనకట్టనుండి తొలిసారి నీరు వదలిరి. ఆనకట్ట మైసూరు ప్రక్కకు పోయెను, కాలువలు ఉభయ రాష్ట్రములకు పోవలెను. ఆంధ్రరాష్ట్ర శాసనపు 66వ సెక్షను దీనికొక దారి చూపెను. ఆ అధికారముచే రాష్ట్రపతి తుంగభద్ర బోర్డును నెలకొల్పెను. ఉభయ రాష్ట్రముల ప్రతినిధులతో కూడిన ఆ బోర్డు ఆనకట్టను, ఉమ్మడి కాలువలను నాటినుండి కనిపెట్టుచున్నది. ఎగువ కాలువ ద్వారా మన జిల్లాకు నీరు వచ్చినదన్న ఆ ఏర్పాటు పుణ్యమే. లోపములు లేవని మేము చెప్పము. పూడికచే జలాశయము లోతు తరిగినది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకొనిపోయి నీరు వృథాగ నదిపాలయినప్పుడు రెండు రాష్ట్రముల రైతులును గుండె చేతబట్టుకొనిరి. ఐనను గేటు ఎవరు బాగుచేయవలెనన్న ప్రశ్నకు బదులు చెప్పుటకు ఒక సంస్థ యుండెను. తాత్కాలికపు పలకలు దింపి మిగిలిన నీటిని నిలిపిరి.

ఒకే సంవత్సరము, ఒకే శాసనము, ఒకే ప్రజలు. తుంగభద్ర విషయమున సెక్షను వ్రాసిరి, బోర్డు వెలసెను, ఏడు దశాబ్దములు దాటియు నిలిచెను. శ్రీబాగు విషయమున పెద్దల మాట చాలుననుకొనిరి, మూడేండ్లలో గాలికి పోయెను. పెద్దలు మంచివారగుట చాలదు. వారు పోయిన పిదప వచ్చు చిన్నవారిని కట్టివేయు వ్రాత కావలెను. 1956 ఫిబ్రవరి 20న తెలంగాణముతో చేసికొన్న పెద్దమనుష్యుల ఒప్పందమున మనవారు అదే పొరపాటు మరల చేసిరి. దాని ఫలము 2014 జూన్ 2న ఎల్లరును చూచిరి. కోస్తావారును, రాయలసీమవారును, తెలంగాణమువారును ఈ విషయమున ఒకరినొకరు నిందించుకొనుట మాని, తామందరును నోటిమాట నమ్మి చెడినవారమని గుర్తించుట మేలు.

2014 చట్టము కొంత తెలివి తెచ్చుకొనెను. కృష్ణకు గోదావరికి నదీ నిర్వహణ బోర్డులను వ్రాసెను. హంద్రీ–నీవా మొదలగు పథకములను ముందు ప్రకటించిన రీతినే పూర్తిచేయవలెనని దాని పదునొకండవ అనుబంధమున చేర్చెను. ఆ హంద్రీ–నీవా శాఖయే మన మడకశిరకు రావలసిన కాలువ. శ్రీశైలమున నిలిచిన కృష్ణనీటిని ఎత్తిపోసి ఇంతదూరము తెచ్చు పథకమది. కాని దాని ఆధారము వరదనీరు. వరద వచ్చిన యేడు వచ్చును, రాని యేడు రాదు. దేశమున మిక్కిలి తక్కువ వాన కురియు జిల్లాలలో ఒకటగు మన సీమకు వరదనీటి పై ఆశ హక్కు కాజాలదు. నికరజలములో వాటా ఇంతయని, అది అందనిచో ఫలానా బోర్డు జవాబుదారి యని వ్రాత కావలెను.

ఇది మన నేలకు క్రొత్త తలపును కాదు. 1892లోనే చెన్నపట్టణపు ప్రభుత్వమును మైసూరును ఒడంబడిక వ్రాసికొని, వేదవతి, ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని మొదలగు నదులపై దిగువవాని సమ్మతి లేనిదే ఎగువవాడు క్రొత్త ఆనకట్టలు కట్టరాదని, తగవు పుట్టినచో మధ్యవర్తులకు వదలవలెనని నిశ్చయించిరి. పరాయి ప్రభుత్వమునకు తోచిన జాగ్రత్త మన స్వప్రభుత్వమునకు తోచకుండుట సిగ్గుచేటు.

ఇక హద్దుమీది మనుష్యుల మాట. నార్వే స్వీడనులు విడిపోవునప్పుడు ఎన్నడును ఆ సభలలో కూర్చుండని సామీల మందలను గూర్చి ఒక ఒప్పందము వ్రాసిరి. అది వారికి పూర్తి న్యాయము చేసినదని మేము అనము. వారి సంగతి తలచిరి, అంతియే చాలును. మన కురుబ సోదరుని గొఱ్ఱెలకు రాష్ట్రపు హద్దు తెలియదు. సిరా సంతకు పోవు వక్కల బస్తాకును తెలియదు. ఇంట కన్నడము పలుకు బాలునికి బడిలో ఏ భాషయన్న ప్రశ్న మాత్రము హద్దుతోనే పుట్టును. 1956 నాటి రాజ్యాంగ సవరణముచే చేరిన 350ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో నేర్పుటకు రాష్ట్రములు తగు సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. భాష పేర రాష్ట్రమును సాధించుకొన్న ఆంధ్రుడు ఈ విషయమున అందరికంటె ముందుండవలెను. పావగడలో తెలుగు బిడ్డకు మనము ఏమి కోరుదుమో అమరాపురమున కన్నడ బిడ్డకు దానిని ముందుగ ఇచ్చి తరువాత కోరవలెను. ఇచ్చిన చేతికే అడుగు నోరుండును.

కనుక పఠనమందిరముల సభ్యులకు మా విన్నపములు మూడు. మొదటిది: శ్రీబాగు ఒడంబడికను, 1953, 2014 శాసనములలోని నీటి సెక్షనులను తెలుగున అచ్చొత్తించి ప్రతి పఠనమందిరమున గోడకు తగిలింపుడు. తన హక్కును చదువని ప్రజకు హక్కు లేనట్లే. రెండవది: వోటుకై వచ్చు ఏ పక్షము అభ్యర్థినైనను రాయలసీమకు ఏమి ఇత్తువని అడుగకుడు. ఇచ్చునని ప్రతివాడును చెప్పును. ఇత్తునన్నదానిని ఏ శాసనమున చేర్తువు, తప్పినచో మేము ఎచ్చటకు పోవలెను అని అడుగుడు. జవాబు వ్రాతమూలకముగ పుచ్చుకొనుడు. మూడవది: నదీబోర్డుల లెక్కలు తెలుగునను కన్నడమునను నెలనెలకు ప్రకటింపవలెనని ఇరుప్రక్కల రైతులు కలిసి కోరవలెను. లెక్క దాచబడినచోట అనుమానము పెరుగును. అనుమానము పెరిగినచోట పొరుగువాడు శత్రువగును.

నార్వే తన సంవత్సరమును గూర్చి గర్వించుటకు కారణము అది స్వీడనును గెలిచినదని కాదు. విడిపోయిన పిదప ఇరువురును ఒకరితో ఒకరు బ్రదుకుటకు మార్గమును వ్రాసికొనిరని. మన సంవత్సరమున ఒక త్యాగమూర్తి ప్రాణము కలదు, నలుబది యేండ్ల శ్రమ కలదు, తుంగభద్ర నీరు కలదు, కర్నూలు గుడారములు కలవు. శ్రీబాగు మాటకు చట్టబద్ధమైన వ్రాత మాత్రము లేదు. అది వ్రాయబడువరకు 1953వ సంవత్సరపు పని రాయలసీమలో పూర్తి కానట్లే.